పోయిన పరపతిని మరల నిలుపుకొను మార్గము

తెలుగునాట "ఐ.పి. పెట్టుట" యను మాట నెఱుగనివారు లేరు. ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను రెండు పరభాషాపదముల మొదటి యక్షరములు మన పలుకుబడిలో నింతగా కలిసిపోయినవనిన, అప్పుల బాధ మన సంఘమున నెంత లోతునకు పోయినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అయితే ఆ మాటను మనము పలుకు తీరులోనే యొక తీర్పు దాగియున్నది. "వాడు ఐ.పి. పెట్టినాడు" అన్నచో వాని కథ ముగిసినదనియే మన భావము. ఋణదాతలు తలుపు మూయుదురు. బంధువులు మొగము త్రిప్పుకొందురు. తుదకు వాడే తన్ను తాను వెలివేసికొనును. చట్ట మట్లు చెప్పుటలేదు. కోర్టు విడుదల యుత్తర్వుతో దివాలా ముగియవలయును. పోయిన పరపతిని మరల కూర్చుకొనుటతో నది సార్థకము కావలయును. ఆ దారిని తుదివఱకు నడచువారు మిక్కిలి యరుదుగ నుండుటయే నేటి మన విచారమునకు కారణము.

అమీరుపేట, పంజాగుట్టలను చూడుడు. మెట్రో రైలులో నీ రెండును ప్రక్కప్రక్క స్టేషనులు. మైత్రీవనము చుట్టును కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు. వానిని నమ్ముకొని రెండు తెలుగు రాష్ట్రములనుండి వచ్చిన యువకులతో క్రిక్కిఱిసిన హాస్టళ్ళు. శిక్షణకు కొంత అప్పు, వసతికి కొంత అప్పు. ఉద్యోగము దొరకిన తొలి నెలలలోనే చేతికి క్రెడిట్ కార్డు. అట నుండి పంజాగుట్టకు రాగా నొకవైపు నగల దుకాణములు, మఱియొకవైపు నిమ్స్ ఆసుపత్రి. చదువు, పెండ్లి, జబ్బు: గృహస్థుని ఋణమునకు ద్వారములు మూడే. ఆ మూడును ఈ కొద్దిపాటి దూరములోనే తెఱచియున్నవి. ఈ ద్వారములగుండ పోవువారందఱును విలాసపురుషులని తలచుట యన్యాయము.

ఋణబాధ ఈ నగరమునకు క్రొత్త కాదు. నిజాము రాజ్యమున అరబ్బులు, రోహిలాలు వడ్డీవ్యాపారము సాగించి, బాకీదారులను బెదరించి వసూలు చేసికొన్న దినములు చరిత్రలో కలవు. ప్రభువే ఋణగ్రస్తుడు. కంటింజెంటు సైన్యపు ఖర్చుల బాకీ క్రింద 1853లో బీరారు సీమను, రాయచూరు అంతర్వేదిని, ధారాశివమును కుంపిణీవారి కప్పగింపవలసివచ్చెను. 1857 నాటి సాయమునకు ప్రతిఫలముగ 1860లో రాయచూరును, ధారాశివమును తిరిగి యిచ్చి, 50 లక్షల బాకీని కొట్టివేసిరి. బీరారు మాత్రము వారిచేతనే నిలిచిపోయెను. పరుల రాజ్యమును కాపాడినందులకు ప్రభువునకు ఋణవిముక్తి కలిగినది. నిజాయితీతో బ్రతికి, విధివశమున చితికిన సామాన్యునకు స్వరాజ్యమున ఆ విముక్తి సులభముగ దొరకకుండుట మనకు గౌరవము కాదు.

క్రెడిట్ కార్డును మన దేశమున తొలుత ప్రవేశపెట్టిన బ్యాంకులలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. స్వాతంత్ర్యోద్యమ నాయకులు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన ఆ బ్యాంకు 1981లోనే కార్డు నిచ్చెను. 2020 ఏప్రిలు 1న అది యూనియన్ బ్యాంకులో లీనమైనను, అది నాటిన విత్తు నేడు మహావృక్షమైనది. కార్డు స్వతః చెడ్డది కాదు. గడువులోగా బాకీ మొత్తము చెల్లించువానికి అది నలువది యయిదు, ఏబది దినముల వఱకు వడ్డీలేని చేబదులు. మొత్తము చెల్లింపనివానికే యది కోరలు చూపును. లక్ష రూపాయల బాకీకి నెలకు నూటికి మూడున్నర చొప్పున 3,500 రూపాయలు వడ్డీ. ఆ వడ్డీపై నూటికి 18 వంతున పన్ను 630. వెరసి 4,130. బాకీదారుడు కనీసపు మొత్తమని 5,000 చెల్లించి తృప్తిపడినచో, అసలులో తగ్గినది 870 రూపాయలే. పైగా నాటినుండి కొన్న ప్రతి వస్తువునకును తొలి దినమునుండియే వడ్డీ. ఏటికి నూటికి ముప్పదికి మించిన వడ్డీ యన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పు చెప్పగా, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. కావున వడ్డీరేటు విషయమున గృహస్థునకు తన జాగ్రత్తయే రక్ష.

ఇక చితికినవాని సంగతి. హైదరాబాదున సామాన్య వ్యక్తి దివాలా నేటికిని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము ననుసరించియే నడచుచున్నది. బాకీ 500 రూపాయలైనను అర్జీ పెట్టవచ్చును. కోర్టు వానిని దివాలాదారునిగ తీర్మానించునపుడు, విడుదలకై యెంత గడువులో దరఖాస్తు చేసికొనవలయునో కూడ నిర్ణయించును. మనవారు పొరపడునది యిచ్చటనే. ఐ.పి. దాఖలైనదనగానే ఋణదాతల పోరు తగ్గును. ఇంతటితో పని ముగిసినదని యింటికి పోయి కూర్చుందురు. గడువు దాటినచో 43వ సెక్షను ప్రకారము తీర్మానమే రద్దగును. ఏండ్ల కొలది పడిన అవమానమంతయు వృథా. ఋణదాతలు మరల వాకిట నిలుతురు. విడుదల పొందనివానికి మఱి రెండు చిక్కులు కలవు. తీర్మానము తరువాత వాడు సంపాదించిన ఆస్తియు కోర్టునకో రిసీవరునకో చెందును. తన స్థితిని చెప్పక యెవరివద్దనైనను 50 రూపాయలో అంతకు మించియో అప్పు తీసికొన్నచో 72వ సెక్షను క్రింద ఆరు నెలల వఱకు చెఱ విధింపవచ్చును. ఒక హోటలు భోజనమునకు చాలని సొమ్ము! కావున విడుదల యుత్తర్వు చేతికి రాకమునుపు క్రొత్త కార్డు నాశించుట ప్రమాదము.

విడుదల నిచ్చుట ఎగవేతను ప్రోత్సహించుటయే గదా యని కొంద ఱనవచ్చును. ఈ యాక్షేపణను త్రోసివేయరాదు. ఇరుగుపొరుగువారి చిట్టీల సొమ్ము చేర్చుకొని, ఆస్తిని ముందుగనే బంధువుల పేర వ్రాసి, ఐ.పి. పెట్టినవారు మన పట్టణములలో లేకపోలేదు. వారివలన నష్టపడినవారును సామాన్యులే. కాని చట్టము వారిని మన్నింపలేదు. మోసముచేత కలిగిన ఋణము, ప్రభుత్వమునకు చెల్లవలసిన బాకీ, భార్యాబిడ్డల మనోవర్తి విడుదలతో తీరవు. బాకీ తీర్చలేనివానిని, తీర్చనొల్లనివానిని వేఱుచేసి చూడవలయునని 1980లో జాలీ జార్జి వర్గీసు కేసున సుప్రీంకోర్టు స్పష్టముగ చెప్పినది. కోర్టు చూపిన ఆ తారతమ్యమును సంఘము చూపకుండుటయే లోపము.

ప్రభుత్వపు లోపమును తక్కువ కాదు. 2016లో దివాలా స్మృతి వచ్చినది. పెద్ద కంపెనీలకు దాని ద్వారము తెఱవబడినది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ మార్గమునకు పంపిన పన్నెండు భారీ బాకీలలో మన నగరపు లాంకో ఇన్‌ఫ్రాటెక్ కూడ నొకటి. వ్యక్తులకు సంబంధించిన మూడవ భాగము మాత్రము, 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల బాకీలకు హామీ నిలిచినవారికి తప్ప, సామాన్యుల కింతవఱకును అమలు కాలేదు. అందులో బీదలకై "క్రొత్త ఆరంభము" అను ప్రకరణము కలదు. అమలు చేసినను దాని హద్దులు చూడుడు: ఏటి యాదాయము 60,000కు, ఆస్తి 20,000కు, బాకీ 35,000కు మించరాదు. అమీరుపేట హాస్టలులో నుండు చిఱుద్యోగికి సయితము అది యందదు. మనకు 1920 చట్టమును కట్టబెట్టిన ఇంగ్లీషువారు తమ దేశమున 2004 నుండి దివాలాదారునకు సాధారణముగ నొక్క యేటిలోనే విడుదల కలుగునట్లు చేసికొనిరి. వారు విడిచిన పాత చొక్కాను మనము నేటికిని తొడుగుకొనియున్నాము. మూడవ భాగమును నేటి ధరలకు తగిన హద్దులతో వెంటనే యమలు చేయవలయునని మన ప్రతినిధులను నిలదీయవలయును.

అంతవఱకు చేతులు ముడిచికొని కూర్చుండ నక్కఱలేదు. విడుదల పొందినవాడును, కోర్టునకు పోక బ్యాంకుతో రాజీపడినవాడును మొదట చేయవలసినది తన లెక్కను తాను చూచుకొనుట. 2005 చట్టము క్రింద పరపతి వివరములు సేకరించు సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 300 మొదలు 900 వఱకు వీరు మార్కులు వేయుదురు. ప్రతి సంస్థయు ఏట నొకమాఱు పూర్తి నివేదికను ఉచితముగ నీయవలయును. కోర్టు ఉత్తర్వు వచ్చినంతమాత్రమున ఆ పుస్తకములలోని వ్రాత తనంతట మారదు. ఉత్తర్వు నకలును ఋణదాతకును ఆ సంస్థకును పంపి దిద్దించుకొనవలయును. తప్పు చూపిన ముప్పది దినములలో దిద్దనిచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము నీయవలయునని 2024 ఏప్రిలు నుండి నియమము కలదు. "సిబిల్ సరిచేసెదము" అని గోడలపై ప్రకటించువారికి పైకము పోయకుడు. తప్పును దిద్దించుటకు రుసుము లేదు. నిజమును చెఱుపుట యెవరి తరమును కాదు.

రాజీలోను మెలకువ వలయును. కొంత తగ్గించి తీర్చిన బాకీ నివేదికలో "సెటిల్డ్" అని నిలుచును. అది పూర్తి చెల్లింపుతో సమానము కాదు. 2023 జూను నాటి రిజర్వు బ్యాంకు ఆదేశము ప్రకారము, వ్యవసాయ ఋణములు తప్ప తక్కిన వానిలో రాజీపడినవానికి ఆ సంస్థ కనీసము పండ్రెండు నెలలు క్రొత్త అప్పు నీయరాదు. శక్తి కలిగినపుడు మిగిలినదియు చెల్లించి, చెల్లుచీటి తీసికొని, లెక్క మూసినట్లు వ్రాయించుకొనుట మేలు.

తరువాతి మెట్టు డిపాజిట్టు మీది కార్డు. బ్యాంకులో 25,000 రూపాయలు కాలపరిమితి డిపాజిట్టుగ నుంచినచో, దాదాపు 20,000 పరిమితిగల కార్డు దొరకును. సొమ్ము బ్యాంకు చేతిలోనే యున్నందున పాత చరిత్ర నంతగా విచారింపరు. ఆ పరిమితిలో నెలకు 6,000కు మించక వాడి, బాకీ మొత్తమును గడువునకు ముందే చెల్లించునట్లు ఖాతానుండి తనంతట పోవు ఏర్పాటు చేసికొనవలయును. నెలనెల నియ్యది లెక్కలో చేరుచుండును. ఒక యేడు, రెండేండ్లు ఓర్మితో నిట్లు గడపినవాని మాటకు మరల విలువ కలుగును. ఒక్కమాఱే పది బ్యాంకులకు దరఖాస్తులు పెట్టినచో, ప్రతి విచారణయు పుస్తకమున కెక్కి, ఆత్రపు మనిషియని చాటును.

డిపాజిట్టు లేని కార్డు నెంచుకొనునపుడు బహుమతులు, విమానాశ్రయ విశ్రాంతిగృహములు చూచి మోసపోకుడు. వార్షిక రుసుము లేనిది, ఆలస్య రుసుము తక్కువయైనది, గడువు జీతము వచ్చిన వెంటనే పడునది చూచుకొనుడు. పది లక్షలకు మించి కార్డులు నడపు సంస్థలు 2024 సెప్టెంబరు నుండి ఏ జాలమునకు చెందిన కార్డు కావలయునో యెంచుకొను స్వేచ్ఛ నీయవలయును. స్వదేశీయమైన రూపేను కోరుట మన హక్కు. అయితే రూపే కార్డు యు.పి.ఐ.తో చేరి చాయి దుకాణమునందును చెల్లుచున్నది. చిల్లర ఖర్చు అప్పుగ మారకుండ చూచుకొనవలయును. కార్డుతో రొక్కము తీయుట యెన్నడును వలదు. దానికి వడ్డీలేని దినము ఒక్కటియు లేదు. కోరనిదే కార్డు పంపి రుసుము వేసినచో, దానిని రద్దుచేసి రెండింతలు జరిమానా నీయవలయుననియు, మూయమన్న కార్డును ఏడు పనిదినములలో మూయనిచో దినమునకు 500 చెల్లింపవలయుననియు 2022 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

వసూలుదారుల బెదరింపులకు లొంగనక్కఱలేదు. ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు శాసించినది. 2020 డిసెంబరులో ఫోను అప్పుల యాపులవారి వేధింపు పడలేక మన రాష్ట్రమున ప్రాణములు తీసికొన్నవారిని మఱవరాదు. వారికి తమ హక్కులు తెలిసియున్నను, అండగ నొక్క మనుష్యుడు నిలిచియున్నను ఆ ప్రాణములు దక్కెడివేమో!

అందుచే ఈ భారము బాకీదారునిపై మాత్రమే వేసి మనము తప్పుకొనరాదు. మా న్యాయవాద సోదరులు వారమున కొక గంట ఐ.పి. పెట్టినవారి విడుదల దరఖాస్తులకై యుచితముగ కేటాయింపవలయును. గడువు తేదీని కక్షిదారునకు వ్రాసి యీయక ఫైలును కట్టివేయరాదు. గ్రంథాలయములవారు ఉచిత నివేదిక తెప్పించుకొను పద్ధతిని, అంబుడ్స్‌మనునకు ఫిర్యాదు చేయు విధమును తెలుగున వ్రాసి గోడకు తగిలింపవలయును. యజమానులు పాత బాకీని చూపి పనినుండి త్రోసివేయరాదు. పనియే లేనిచో బాకీ తీరు టెట్లు? అప్పులేనివాడే అధిక సంపన్నుడని మన పెద్దల సామెత. ఆ సంపద నొకమాఱు పోగొట్టుకొన్నవాడు మరల సంపాదింపగలడని నమ్ముటయు, ఆ నమ్మకమును చేతలలో చూపుటయు మన ధర్మము. విడుదల గడువు మించిపోవుచున్నవాడు మీ వీథిలో నొక్కడున్నను, రేపే వానిని వకీలువద్దకు వెంటబెట్టుకొని పోవుడు.