పాలపళ్ళే కదా అని ఊరుకోకండి

మూడేళ్ళ పిల్లను చంకనెత్తుకొచ్చి "డాక్టరుగారూ, అన్నం నమలడం లేదు, ఆకలి పుట్టే మందేదైనా రాయండి" అని అడిగే తల్లులు చాలామంది. నేను ముందుగా ఆ పిల్ల పై పెదవి ఎత్తి చూస్తాను. చాలాసార్లు జవాబు అక్కడే కనిపిస్తుంది. ముందుపళ్ళు గోధుమరంగుకు తిరిగి, చిగురు దాకా అరిగిపోయి ఉంటాయి. నమిలితే నొప్పి పుట్టే పిల్లకు ఆకలి మందు ఏం పనిచేస్తుంది?

"పాలపళ్ళే కదండీ, ఎలాగూ ఊడిపోయేవే" అంటారు. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడేమాట నిజమే. కాని వెనక నమిలే పాలదంతాలు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, తర్వాత వచ్చే పళ్ళకు చోటుండదు. పిప్పి లోపలికి దిగి చీము పడితే, కింద తయారవుతున్న శాశ్వత దంతం కూడా చెడవచ్చు.

పన్ను పుచ్చేది పురుగు వల్ల కాదు. పొగపెట్టి పంటిపురుగు తీస్తామనేవాళ్ళు చూపించే పురుగు మీ పిల్ల నోట్లోది కానే కాదు. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంటో, గంటో పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. పెళ్ళిభోజనంలో రెండు లడ్డూలు తిన్న పిల్లవాడి కంటే, అమ్మ పని తెమిలేదాకా గంటకో బిస్కెట్టు చప్పరించే పిల్లవాడి పళ్ళకే ముప్పెక్కువ. బెల్లమైనా, తేనె అయినా, పటికబెల్లమైనా పంటికి తేడా తెలియదు.

అన్నిటికన్నా చెడ్డది రాత్రి పాలసీసా. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గుతుంది. చక్కెర వేసిన పాలు తెల్లవార్లూ పళ్ళ మీదే నిలుస్తాయి. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో మెట్రో అందుకోవలసిన తల్లి, పిల్ల త్వరగా పడుకుంటుందని సీసా ఇస్తే నేను కోప్పడలేను. అయితే ఏడాది దాటిన పిల్లకు సీసాలో ముందు చక్కెర మానేసి, తర్వాత రోజుకింత నీళ్ళు కలుపుతూ రెండు వారాల్లో వట్టి నీళ్ళకు తీసుకురండి. పాలు పగటిపూట గ్లాసుతో తాగించండి.

ఇక పేస్టు సంగతి. ఎల్.బి. నగర్, వనస్థలిపురం వైపు నల్గొండ జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఫ్లోరైడ్ అనగానే వాళ్ళకు మర్రిగూడ వైపు ఊళ్ళలో వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్ళు కళ్ళముందు మెదులుతాయి. "ఫ్లోరైడ్ లేని పేస్టు చెప్పండి సార్" అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన ప్రమాణం. అక్కడి వాళ్ళు అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగారు, వాటితోనే వండుకున్నారు. పేస్టు లెక్క వేరు. అట్ట మీద 1000 పీపీఎం అని రాసున్న పేస్టు బియ్యపుగింజంత తీసుకుంటే అందులో ఫ్లోరైడ్ సుమారు 0.1 మిల్లీగ్రాము. అది మింగడానికి కాదు, పంటి పైపొరను గట్టిపరచడానికి. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠానీగింజంత చాలు. ప్రకటనలో చూపినట్టు బ్రష్షు నిండా పులమకండి. మీ ఇంట్లో ఇంకా బోరునీళ్ళే తాగుతుంటే మాత్రం ఆ నీటిని పరీక్ష చేయించండి.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమాలి. పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంటే లోపలిదాకా కనిపిస్తుంది. రెండుపూటలా తోమండి, ఎప్పుడైనా ఒకపూట తప్పితే అది పొద్దుటిపూట కావాలి కాని రాత్రిది కాకూడదు. తోమాక ఉమ్మించండి, పుక్కిళ్ళ మీద పుక్కిళ్ళు పట్టించకండి. "మావాడే తోముకుంటాడు" అని నాలుగేళ్ళకే గర్వపడతారు గాని, ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దవాళ్ళ చెయ్యి పడవలసిందే. బొగ్గుపొడి, ఇటుకపొడి దగ్గరికి రానీయకండి.

నెలకొకసారి వెలుతురులో పై పెదవి ఎత్తి చూడండి. చిగురును ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార కనిపిస్తే అదే తొలి గుర్తు. ఈ దశలో తీపి తగ్గించి, పేస్టు సరిగా వాడి, దంతవైద్యుడి చేత ఫ్లోరైడ్ పూత వేయిస్తే పన్ను మళ్ళీ గట్టిపడే అవకాశం ఉంది. గుంట పడిందంటే పూడ్పించక తప్పదు. (ఐరన్ మందు తాగే పిల్లల పళ్ళ మీద నల్లచారలు వస్తాయి, అవి పుచ్చు కాదు, కంగారుపడకండి.) ఖర్చుకు వెనకాడేవాళ్ళకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగితే దగ్గరే.

ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, చివరి పాలపన్ను వెనకాల ఒక పెద్ద దంతం వస్తుంది. దాన్ని కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తుంటారు. అది ఊడి మళ్ళీ వచ్చేది కాదు. దాని పైభాగంలో లోతైన గాళ్ళుంటాయి. పుచ్చకముందే వాటిని పూడ్చే పూత వేస్తారు. దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సంగతి మీరే అడగండి.