'పడేశారు' అనే ముందు

ఉదయగిరి బస్టాండు దగ్గర టీ అంగట్లో కాసేపు కూర్చుంటే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు చెవినబడుతుంది: "ఫలానా వాళ్ల కొడుకు బెంగుళూరులో అంతేసి ఇల్లు కట్టినాడంట. తల్లిని మాత్రం ఆశ్రమంలో పడేసినాడంట." చెప్పినవాడు తల ఊపుతాడు, విన్నవాడు నిట్టూరుస్తాడు, గ్లాసులు కిందబెట్టి ఇద్దరూ లేస్తారు. తీర్పు అయిపోయింది. ఆ తల్లికి ఏం జబ్బు, ఇంట్లో ఇంకెవరున్నారు, అర్ధరాత్రి ఆమెను బాత్రూముకు ఎవరు నడిపించేవాళ్లు అన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఆ క్రియాపదం చూడండి. జబ్బు చేస్తే ఆత్మకూరు ఆసుపత్రిలో 'చేర్చాం' అంటాం. ఆరో తరగతి పిల్లవాణ్ణి నెల్లూరు హాస్టల్లో 'చేర్చాం' అంటాం, అదీ నలుగురికి వినబడేటట్టు. ముసలితల్లి దగ్గరికి వచ్చేసరికి అదే పని 'పడేయడం' అవుతుంది. పదేళ్ల పిల్లవాడు అమ్మ కోసం దుప్పట్లో ఏడిస్తే వాడి భవిష్యత్తు కోసమని సర్దుకుంటాం. ఎనభై ఏళ్ల మనిషికి వేళకు మందు, లేచేటప్పుడు ఒక ఆసరా దొరికితే పరువు పోయిందంటాం. ఈ తూకంలో తప్పుంది.

'కన్నవాళ్లను ఇంట్లోనే చూసుకోవాలి' అనే మాటలో కర్త ఎవరో చెప్పరు. చెప్పేది కొడుకు, చేసేది కోడలు. 'మా అమ్మను నేనే చూసుకుంటున్నా' అని పెళ్లిళ్లలో చెప్పుకునే మగవాళ్లలో తల్లి తడిపిన పక్కగుడ్డ ఉతికినవాళ్లు ఎంతమంది? ఆ కోడలు కూడా యాభై దాటిన మనిషే, ఆమెకూ నడుం నొప్పే. పిల్లలంతా ఊరొదిలిన ఇంట్లో అయితే కోడలూ ఉండదు. పక్కింటామె పొద్దున పలకరించి, సాయంత్రం ఇంత కూర పెట్టిపోతుంది. ఒకరోజు తలుపు తియ్యకపోతే ఆమే కొడుక్కి ఫోను చేస్తుంది. దీన్ని 'ఇంట్లో చూసుకోవడం' అని ఏ ధైర్యంతో అంటున్నాం?

సీతారామపురం నుంచి వరికుంటపాడు దాకా, మర్రిపాడు నుంచి అనంతసాగరం దాకా మనది చాలావరకు మెట్ట. వాన వస్తే పంట, లేకపోతే వలస. హైదరాబాదో, బెంగుళూరో, చెన్నయ్యో, కువైట్టో. మిగిలింది తాళం వేసిన ఇళ్లు, తాళం వెయ్యని ఇంట్లో ఒక ముసలి ప్రాణం. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో మోకాళ్లు, నడుములు ముందే మొరాయిస్తాయి. రాష్ట్ర జనాభాలో 60 దాటినవాళ్లు 2021లో 12.4 శాతం, 2031 నాటికి 16.4 శాతం అవుతారని ప్రభుత్వ అంచనా. పడుచువాళ్లు వలసపోయే మెట్టలో ఈ బరువు ఇంకా ముందే తెలుస్తుంది.

ఉమ్మడి కుటుంబం మాట ఎత్తేవాళ్లు వంతుల సంగతి దాటేస్తారు. తల్లి పెద్దవాడి ఇంట్లో మూడు నెలలు, రెండోవాడి ఇంట్లో మూడు నెలలు. సంచిలో నాలుగు చీరలు, మాత్రల డబ్బా, కళ్లజోడు. తండ్రి కూడా ఉంటే ఆయన వంతు ఇంకో ఇంట్లో. నలభై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరు చివరికి ఫోన్లో మాట్లాడుకుంటారు. వంతు దాటి రెండురోజులైతే 'ఇంకా రాలేదేంది' అని ఫోను. దీన్ని ఊరు తప్పుపట్టదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గోడలు కొడుకులవి. ఆమెకంటూ ఒక మంచం, ఒక అలమర శాశ్వతంగా దొరికే చోటును మాత్రం తప్పుపడుతుంది.

అవతలివాళ్ల వాదనలో నిజం లేదని నేననను. ముసలివాళ్లు ఇల్లు కదలరు. నెల్లూరు ఆశ్రమంలో గది ఎంత శుభ్రంగా ఉన్నా కిటికీలోంచి ఉదయగిరి దుర్గం కనపడదు. పొద్దున్నే పలకరించే గొంతులుండవు. హాస్టలు పిల్లవాడు రెండేళ్లకు తిరిగొస్తాడు, ఈ మనిషి రాకపోవచ్చు. అంతా ఒప్పుకుంటాను. అయితే తిరిగిరాకపోవచ్చు గనకే హాస్టలు కంటే పదింతలు జాగ్రత్తగా చూసి చేర్చాలి గదా? మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. పిల్లవాడి కోసం నాలుగు కాలేజీలు తిరుగుతాం, మెస్సులో అన్నం తిని చూస్తాం, ఫీజు ఎన్ని వాయిదాలో బేరమాడతాం. తల్లి కోసమైతే సిగ్గుతో చీకటిపడ్డాక కారెక్కిస్తాం, ఎవరో చెప్పిన మొదటి చోట దించేస్తాం, చెప్పిన డబ్బు కట్టి, కాగితం చదవకుండా సంతకం పెట్టి వచ్చేస్తాం. ఊళ్లో అడిగితే 'చెల్లెలి దగ్గరుంది' అంటాం. మంచి హోమూ చెడ్డ హోమూ ఒకటే రేటుకు నడవడానికి ఈ దాపరికమే పెట్టుబడి. పదిమందిలో మాట్లాడుకోని విషయంలో ఏది మంచిదో పదిమందికీ తెలియదు.

అసలు మనకున్నది ఒకటే మాట: ఆశ్రమం. దిక్కులేనివాళ్లకు ఉచితంగా అన్నం పెట్టేదీ ఆశ్రమమే. నెలనెలా డబ్బు తీసుకుని గది ఇచ్చేదీ అదే. మంచం పట్టినవాళ్లకు నర్సును పెట్టి చూసేదీ అదే. ఊరి బయట అమ్మే రిటైర్మెంటు విల్లాలూ అవే. తన పని తాను చేసుకునేవాళ్లనే చేర్చుకునే చోట్లు చాలా ఉన్నాయి. రేపు ఆమె కాలు విరిగితేనో, మతిమరుపు ముదిరితేనో 'తీసుకుపొండి' అంటారు. అందుకే మొదటి ప్రశ్న అదే కావాలి: మంచాన పడితే ఉంచుకుంటారా? రాత్రిపూట ఎంతమందికి ఒక ఆయా? గుండెనొప్పి వస్తే ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో, ఎవరి డబ్బుతో? డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ నెల ఫీజులో కలిసినవా, విడిగానా? డిపాజిట్టులో తిరిగొచ్చేదెంత, ఎన్నిరోజుల్లో? ఏటా ఎంత పెంచుతారు? చెప్పకుండా వచ్చి చూడొచ్చా? 'చూడకూడదు' అన్న చోట అక్కడే వెనక్కి తిరగండి. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లి, ఆమె తినబోయే అన్నమే మీరూ తినండి. బాత్రూములో పట్టుకునే కడ్డీ ఉందో లేదో చూడండి. ఒక నెల ఉంచి చూశాకే మిగతా డబ్బు కట్టండి.

ఇక డబ్బు. నెలకు 20 వేలు అనుకుందాం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఏటా 8 శాతం పెంచితే ఐదేళ్లకు 14 లక్షలు దాటుతుంది. ఈ లెక్క వేసుకోకుండా చేర్చినవాళ్లే రెండో ఏడాది వెనక్కి తెచ్చుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్న వృద్ధాప్య పింఛను 4 వేలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15 వేలు. 4 వేలు వచ్చే తల్లికి మిగిలింది 16 వేలు. నలుగురు బిడ్డలుంటే తలా 4 వేలు. కూతుళ్లను కలిపే లెక్కిస్తున్నాను: ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, ఖర్చులోనూ వాటా ఉండాలి. ఊరు మారితే పింఛను ఎలా అందుతుందో మీ ఊరి సచివాలయంలో ముందే కనుక్కోండి. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన 5 లక్షల వైద్య రక్షణ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. రోజూ స్నానం చేయించే మనిషి జీతం అందులోంచి రాదు. ధర్మసంస్థగా ఆదాయపన్ను శాఖ దగ్గర నమోదైన హోము 60 దాటినవాళ్ల దగ్గర తిండి, బస కలిపి నెలకు 25 వేల లోపు తీసుకుంటే జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే అడగండి.

అన్నిటికన్నా పెద్ద డబ్బు ఆమె సొంత ఆస్తి. మనం దాన్ని ముందే పంచేసి, తర్వాత ఆమెను పంచుకుంటున్నాం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, 'నన్ను చూసుకోవాలి' అన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉండి తీరాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని, స్వాధీనం కూడా తిరిగి ఇప్పించవచ్చని చెప్పింది. కోర్టు దయ మీద ఆధారపడేకంటే దస్తావేజులో ఒక్క వాక్యం రాయించుకోవడం తేలిక. పోషణ కోసం ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు, వకీలు అక్కర్లేదు. ఆయన ఇప్పించగలిగే గరిష్ఠ మొత్తం మాత్రం నెలకు 10 వేలే. ఆ పరిమితి ఎత్తేసి, ప్రైవేటు హోములను నమోదు చేయించి, కనీస ప్రమాణాలు పెట్టే సవరణ బిల్లు 2019లో పార్లమెంటు ముందుకొచ్చింది. ఆమోదం పొందకుండానే లోక్‌సభతోపాటు మురిగిపోయింది. 'పడేశారు' అని కొడుకుల మీద విరుచుకుపడే మనలో ఎవరైనా ఆ బిల్లు ఏమైందని ఓట్లకొచ్చిన నాయకుణ్ణి అడిగారా?

అదే చట్టం 19వ సెక్షను అందుబాటులో ఉండే చోట్ల వృద్ధాశ్రమాలు పెట్టవచ్చనీ, జిల్లాకు ఒకటన్నా 150 మంది పేదలకు సరిపడా మొదలుపెట్టాలనీ అంటుంది. నెల్లూరు ఉదయగిరికి దాదాపు వంద కిలోమీటర్లు. సీతారామపురం ముసలాయనకు అది అందుబాటు ఎలా అవుతుంది? ఉదయగిరిలో ఒకటి, ఆత్మకూరులో ఒకటి చిన్నవైనా చాలు. పగలు ఉండి సాయంత్రం ఇంటికి పోయే కేంద్రమైనా చాలు. అప్పుడు దుర్గమూ కనపడుతుంది, తెలిసిన గొంతులూ వినపడతాయి. ఇల్లు కదలరన్న వాదనకు సరైన జవాబు ఇది. జపానులోనూ ఒకప్పుడు ఈ చాకిరీ కోడలి నెత్తినే ఉండేది. 2000లో అక్కడ సంరక్షణ బీమా తెచ్చి, 40 దాటిన ప్రతివాళ్ల దగ్గరా చందా తీసుకుంటున్నారు. అక్కడివాళ్లకు అమ్మ మీద ప్రేమ తగ్గి ఆ పని చేయలేదు.

ఈసారి సంక్రాంతికి పిల్లలంతా ఊరికొచ్చినప్పుడు కౌలు లెక్కతోపాటు ఈ లెక్కా తీయండి. కోడలు ఎంత చేయగలదో కోడల్నే చెప్పనివ్వండి. ఎవరు ఎంత ఇస్తారో కాగితం మీద రాయండి. హోము అనుకుంటే ఆమెను వెంటబెట్టుకుని పట్టపగలు వెళ్లి చూసి రండి. ఇంట్లోనే అనుకుంటే జీతమిచ్చి మనిషిని పెట్టండి. మీరు ఏదనుకున్నా, అంతకుముందు అమ్మను కూర్చోబెట్టి అడగండి: "నీకు యాడుండాలనుందమ్మా?"