గోడ నీడ ఖరీదు

మేడ మీద ఆకుకూరల మడికి డబ్బు పోసి 50 శాతం నీడనిచ్చే పచ్చ వల కడతారు. కింద తూర్పు ప్రహరీ దాటి ఉదయపు ఎండ మాత్రమే పడే జాగాలో ‘ఇక్కడేం పండుతుంది’ అంటూ సిమెంటు పోయిస్తారు. ఈ లెక్క నాకు మింగుడుపడదు. రోజుకు ఆరు గంటల ఎండ కావాలన్న సూత్రం టమాటాకీ, వంగకీ, బెండకీ సరే. కానీ 51 డిగ్రీల అక్షాంశం మీది లండన్ ఎండా, 17 డిగ్రీల దగ్గరున్న హైదరాబాద్ మే ఎండా ఒకటేనా? ఆ వేడికి మన కొత్తిమీర గుబురు కట్టకముందే పూతకొస్తుంది. పొద్దున మూడు నాలుగు గంటల ఎండ తగిలి, తర్వాత నీడ పడే చోట పుదీనా, పాలకూర, బచ్చలి హాయిగా సాగుతాయి. కోనసీమలో కొబ్బరిచెట్ల కిందే కంద, పసుపు పండిస్తున్నారు కదా! గోంగూర మాత్రం ఈ బేరానికి ఒప్పుకోదు, దాన్ని మేడెక్కించాల్సిందే.