బాత్ పట్టణమున నొక దినము

మా అక్కగారి చిన్న కొమార్తె ఇంగ్లండు దేశమున బ్రిస్టలు నగరములో నొక యేడాది చదువునకై పోయియున్నది. చదువు సగమైనది. ఇంతలో మా అక్క పెరటిలో కాలు జారి పడి మంచము పట్టెను. కొడుకును కోడలును ఉద్యోగస్థులు. "కడుపున పుట్టిన ఆడపిల్ల యుండియు నాకు గ్రుక్కెడు గంజి కాచి యిచ్చు దిక్కు లేదు. వెంటనే రమ్మని వ్రాయుము. అది నీ మాట వినును" అని అక్క మమ్ము కోరెను.

కలము పట్టితిమి. రెండుమారులు మొదలిడి రెండుమారులును చించితిమి. చదువునకై చేసిన అప్పు నొకవంక, అక్క కన్నీరు నొకవంక. ఆ సందిగ్ధములో నుండగనే పిల్ల యొద్దనుండియే లేఖ వచ్చెను.

ఆదివారము నాడు తోడి విద్యార్థినులతో కలసి బాత్ అను ప్రాచీన పట్టణమునకు పోయెనట. రైలులో పావుగంట ప్రయాణము. అచట తిండి ప్రియమని పులిహోర డబ్బాలో పెట్టుకొని పోయినది. రోమనులు దాదాపు రెండువేల యేండ్ల క్రిందట కట్టిన స్నానఘట్టమే ఆ యూరికి ప్రసిద్ధి. భూమిలోనుండి 46 డిగ్రీల వేడినీరు దినమునకు 11 లక్షల 70 వేల లీటర్లు ఉబికి వచ్చుచున్నది. ఇప్పుడందు దిగనీయరు, చూచి రావలసినదే. ఆ యూట యొద్ద 130 వరకు సీసపు రేకులు దొరకినవి. తమ వస్తువులు దొంగిలినవారిని శిక్షింపుమని పూర్వులు దేవతకు వ్రాసికొన్న అర్జీలవి. స్నానమునకు దిగినవారి బట్టలు అప్పుడును పోవుచుండెను కాబోలు! అర్ధచంద్రాకారముననున్న 30 ఇండ్ల వరుసను గూర్చి పిల్ల యొక్క వాక్యముతో సరిపుచ్చినది. మేడల వర్ణనలు ప్రబంధములలో కావలసినన్ని చదివితిమి గనుక మేమును చింతింపలేదు.

లేఖలో మిగిలినదంతయు న్యూ కింగు వీథిలోని 19వ యింటిని గూర్చియే. విలియం హెర్షెలు అను సంగీతజ్ఞుడు 1781 మార్చి 13వ తేదీన ఆ యింటి పెరటినుండియే యురేనసు గ్రహమును కనుగొనెను. అతని చెల్లెలు కారొలైను. వారిది జర్మనీ దేశములోని హానోవరు. తల్లి ఆ బాలికను ఇంటి చాకిరికే ఉంచదలచెను. (మా తల్లియు అమరము చేతికిచ్చుటకు ముందు చీపురు చేతికిచ్చెడిది.) ఆమెకు బదులు పనిమనిషిని పెట్టుకొనుటకు ఏటేట సొమ్మిచ్చెదనని అన్న యొప్పుకొన్న పిమ్మటనే తల్లి పంపెను. 1772లో బాత్ చేరునాటికి ఆమెకు 22 ఏండ్లు. ఆంగ్లము సరిగా రాదు. మా పిల్లకును ఇప్పుడు 22.

అచటను ఆమెకు చాకిరి తప్పలేదు. ఇల్లు నడపుచు, పాట నేర్చుకొనుచు, దూరదర్శినికి అద్దములు సానపట్టుటలో తోడ్పడెను. అన్న యొకమారు 16 గంటలు చేయి తీయక సానపట్టుచుండగా ఆమెయే ముద్దలు నోటికందించెను. అచ్చుపోయుటకు గుర్రపు పేడను దంచుటలోను ఆమె వంతు కలదు. ఆ అచ్చు పగిలి, కరగిన లోహము నేలపాలై, బండలు పెటిలిపోగా అందరును పరుగెత్తిరి. ఆ పగిలిన బండలు నేటికిని అచటనున్నవి. బాత్ విడిచిన పిదప 1786 మొదలు ఆమె యెనిమిది తోకచుక్కలను తానే కనుగొనెను. 1787లో రాజు సాలుకు 50 పౌనుల జీతమేర్పరచెను.

"పిన్నీ, ఆ బండల ప్రక్కన నిలిచి అమ్మనే తలచుకొంటిని. అమ్మకు వండి పెట్టుచున్నదెవరు? నేను రావలెనేమో దాచక వ్రాయుము" అని లేఖ ముగిసినది.

ఆ సాయంకాలమే అక్క మంచము ప్రక్కన కూర్చుండి అంతయు చదివి వినిపించితిమి. కడపటి మాటలు చదువుటకు మా గొంతు సహకరింపలేదు. అక్క చాలసేపు గోడవైపు తిరిగి పరుండెను. పిమ్మట, "ఆ అన్న పనిమనిషికి సొమ్ము నిజముగా ఇచ్చెనా, ఊరక మాటయిచ్చెనా?" అని యడిగెను. ఇచ్చెననియే చెప్పితిమి. మరికొంత సేపటికి, "రెండుపూటల వంటకు ఈ దినములలో ఏమడుగుదురే?" అనెను.

జీతములో సగము మేమిత్తుమని మావారు చెప్పిరి. తక్కిన సగము అక్క కొడుకు పెట్టుకొన్నాడు. మేము పిల్లకు వ్రాసినది రెండే వాక్యములు: "మీ అమ్మకు వంటమనిషి కుదిరినది. నీవు పరీక్షలు ముగించుకొని రమ్ము." ఆ వంటమనిషి చారులో ఉప్పు ఎక్కువ వేయుచున్నదని అక్క నిన్న మాకు కబురంపినది.