గంజాయి నవ్వులు

అమెరికా దేశమున ఒక తీరు హాస్యచిత్రములు పుట్టి యిప్పటికి దాదాపు అర్ధశతాబ్ద మగుచున్నది. కథ యెల్లప్పుడును ఒక్కటియే. ఇరువురు మిత్రులుందురు. ఇరువురును పనిలేనివారో, పనియన్న విసుగు చెందినవారో అయియుందురు. ఇరువురును గంజాయి దమ్ము కొట్టుదురు. పిదప వారికొక యల్పమైన కోరిక కలుగును. దానిని తీర్చుకొనుటకై రాత్రియంతయు తిరిగి, పోలీసులచే తరుమబడి, కడకు క్షేమముగా నిల్లు చేరుదురు. ఈ చిత్రములను చూచి నవ్విన యువకులు మన పట్టణములలోను కొల్లలుగా నున్నారు. వీనిని గూర్చి పఠనమందిరములలో జరుగు వాదములను మేము వినియున్నాము. పెద్దలు నిషేధింపుడందురు. పిన్నలు నవ్వుటకైనను స్వాతంత్ర్యము లేదా యని యడుగుదురు. ఉభయపక్షములును అసలు ప్రశ్నను తాకకయే పోవుచున్నవని మా యభిప్రాయము.

ముందుగా పెద్దల మాట చూతము. 1936లో ఆ దేశముననే 'రీఫర్ మ్యాడ్‌నెస్' అను చిత్రమొకటి తీయబడెను. గంజాయి త్రాగిన పడుచువారు హత్యలకును, ఉన్మాదమునకును పాల్పడుదురని తల్లిదండ్రులను హెచ్చరించుటయే దాని యుద్దేశ్యము. మరుసటి యేడు, అనగా 1937లో, అచటి ప్రభుత్వము గంజాయిపై పన్ను శాసనము గావించి, పేరునకు పన్నైనను పనికి నిషేధమే యగునట్లు చేసెను. తరమొకటి గడచినది. 1970 దశకమున కళాశాల విద్యార్థులు అదే చిత్రమును వేయించుకొని చూచి కడుపుబ్బ నవ్విరి. భయపెట్టుటకు తీసినది ప్రహసనమయ్యెను. అతిశయోక్తులతో బెదరించినవాడు పిమ్మట నిజము చెప్పినను వినువారుండరు. కత్తెర పట్టుకొని బయలుదేరు మన పెద్దలు ఈ చరిత్రను చదువుకొనుట మంచిది. మేము వారితో చేరజాలము.

ఇక పిన్నల మాట. ఆ చిత్రములలో ఆకర్షణ లేదని మేమనము. ఉన్నది, బలముగానే యున్నది. ఈ తీరునకు బాటవేసినది 1978 నాటి 'అప్ ఇన్ స్మోక్'. చీచ్, చాంగ్ అను హాస్యగాండ్ర జంట దానిలో నాయకులు. మొదటివాడు మెక్సికను సంతతివాడు. రెండవవాడు చైనాతండ్రికి కెనడాలో పుట్టినవాడు. వీరు మెక్సికోనుండి ఒక వ్యానును నడుపుకొని వత్తురు. ఆ వ్యాను సమస్తము గంజాయితోడనే పోతపోసి చేయబడినది. ఆ సంగతి ప్రేక్షకునకు తెలియును, పోలీసులకు తెలియును. నడుపువారికి మాత్రము తెలియదు. ఇంతటి సరుకుపై కూర్చుండి, పీల్చుటకు చిటికెడు దొరకుట లేదని వారు వెదకుచుందురు! కడపట ఆ బండి కాలి పొగలు చిమ్మగా, తరుముకొని వచ్చిన పోలీసులే ఆ పొగ పీల్చి మత్తెక్కి మెత్తబడుదురు. లాఠీ పట్టినవాడు పకపక నవ్వుట చూచి నవ్వనివాడెవ్వడు? లాఠీ దెబ్బలు తిన్న జాతివారము, ఆ నవ్వులోని తీపి మాకు తెలియును. ఆ చిత్రమునకు అమెరికాలోనే నాలుగుకోట్ల డాలర్లకు మించి రాబడి వచ్చెను.

ఇంతకన్న మనకు దగ్గరి చిత్రము 2004లో వచ్చిన 'హెరాల్డ్ అండ్ కుమార్ గో టు వైట్ కాసిల్'. హెరాల్డు కొరియా సంతతివాడు. బ్యాంకులో గుమాస్తాగిరి వంటి యుద్యోగము. తెల్లదొరలగు సహోద్యోగులు తమ పనిని అతనిపై పడవేసి విహారమునకు పోవుదురు. కుమార్ భారతీయ సంతతివాడు. వైద్యవిద్యలో చేర్పింపవలెనని తండ్రి పట్టు, తప్పించుకొనవలెనని కొడుకు పట్టు. ఈ వేషము వేసిన కాల్ పెన్ గుజరాతీ దంపతులకు న్యూజెర్సీలో జన్మించినవాడు. పిదప 2009లో ఒబామా ప్రభుత్వమున వైట్ హౌసులో పనిచేసెను. అప్పటిదాక అమెరికా తెరమీద భారతీయుడనగా వంకరయాసతో మాటాడు దుకాణదారుడో, టాక్సీ నడుపువాడో. ఈ చిత్రముననో, బర్గరు తినవలెనను కోరికతో రాత్రియంతయు తిరుగు సామాన్యపు అమెరికా కుర్రవాడు. గొప్పవాడు కానక్కరలేదు, సాధువు కానక్కరలేదు, సోమరియగుటకును తనకు హక్కున్నదని యొక నల్లచర్మపువాడు తెరమీద చూపించెను. డాలసులోను న్యూజెర్సీలోను పెరుగుచున్న మన తెలుగుబిడ్డలకు వైద్యుడవో యింజనీరువో కావలసినదేయను శాసనమొకటి యింట నుండును. వారు కుమారును చూచి యేల మురిసిరో గ్రహించుట కష్టము కాదు. ఆ పక్షమున ఆ చిత్రమునకు మేము నమస్కరింతుము.

కాని లోపములును చెప్పవలెను. దగ్గునకు నవ్వు, ఆకలికి నవ్వు, మరపునకు నవ్వు. నాలుగు చిత్రములు చూచిన పిమ్మట అయిదవదానిలో ఏ మలుపున నేమి జరుగునో కండ్లు మూసికొని చెప్పవచ్చును. ఇది చిన్న తప్పు. స్త్రీలను గూర్చినది పెద్దది. ఈ మిత్రుల లోకమున స్త్రీకి స్థానము లేదు; కథ ముగియునప్పుడు బహుమానముగా దొరకును, లేదా పనిచేసుకొమ్మని సతాయించుటకు మధ్య వచ్చును. 'హెరాల్డ్ అండ్ కుమార్'లోనే, కుమార్ ఒక గంజాయి సంచిని పెండ్లాడినట్లు స్వప్నదృశ్య మొకటి కలదు. ఆ సంచి కాఫీ సరిగా పెట్టలేదని భర్త దానిని చెంపదెబ్బ కొట్టును. జనము నవ్విరి. తన వర్ణమును హేళన చేయువారిని నిలదీసిన చిత్రమే, ఇల్లాలి చెంపదెబ్బను వినోదముగా నమ్ముకొనుట మాకు రోతగా నున్నది. పరిహాసమేకదా యందురు. అయినచో దుకాణదారుని యాసను వెక్కిరించుటయు పరిహాసమే కావలెను. ఆ చిత్రముననే అట్టి యల్లరిమూక యొకటి యున్నది, దానిని దుష్టులనుగా చూపినారు కూడను.

అన్నిటికన్న పెద్ద లోపము వేరొకటి. ఈ హాస్యమంతయు క్షమాపణపై నిలచియున్నది. నాయకులకు తెలియదు, తెలియదుగనుక వారు తప్పించుకొందురు. వ్యాను దేనితో చేయబడినదో తెలియకుండుటయే 'అప్ ఇన్ స్మోక్'కు ప్రాణము. 'హెరాల్డ్ అండ్ కుమార్' కర్తలు ఈ కిటుకును కొంత యెరిగినవారే; లాకప్పులో హెరాల్డు ప్రక్క ఒక నీగ్రోజాతి పెద్దమనిషిని కూర్చుండబెట్టినారు. పుస్తకముల దుకాణమునుండి వెలువడుచుండగా, దొంగతనము చేసినవాడు నల్లవాడనుటచే పట్టుకొనిరట. ఆ దృశ్యములో నిజము మెరుపువలె మెరసినది. కాని మిత్రుడు మిత్రుని విడిపించుకొని పోయిన వెనుక ఆ పెద్దమనిషి అచటనే యుండిపోయెను; కథ బర్గరు వెదకుచు సాగిపోయెను. ఇంకొక సంగతి: తెరమీద పాతికయేండ్లు పోలీసులను నవ్వులపాలు చేసిన టామీ చాంగును, 2003లో, గంజాయి పీల్చు గొట్టములను అమ్మించినందులకు తొమ్మిది నెలలు చెరలో పెట్టినారు. ప్రభుత్వపు వకీళ్ళు అతని చిత్రములనే అతనిపై ఎత్తిచూపిరి. ఆ పొగకు ఆ పోలీసులు మెత్తబడలేదు.

ఆ వ్యానును మన దేశపు రోడ్డుమీదకు తోలుకొని వత్తము. 1985 నాటి మాదకద్రవ్యముల శాసనము ప్రకారము గంజాయి కిలో లోపున్నచో స్వల్ప పరిమాణము. ఏడాదికి మించని శిక్ష. ఇరువది కిలోలు మించినచో వ్యాపార పరిమాణము. పదియేండ్లకు తక్కువ లేని కఠినశిక్ష, ఇరువదివరకును పోవచ్చును. ముద్దాయి నిర్దోషియని నమ్ముటకు తగిన కారణములు కోర్టువారికి తోచిననేగాని 37వ సెక్షను క్రింద జామీను దొరకదు. ఇక "నాకు తెలియదండీ" అను మాట. 35వ సెక్షను ముద్దాయికి తెలియుననియే భావించును. తెలియదని సందేహమునకు తావులేకుండ రుజువు చేసికొనవలసిన భారము అతనిదే. ఈ శాసనము క్రింద వకాల్తా పట్టిన యెవ్వరినైన నడుగుడు: లారీలో బస్తాల క్రింద ఏమున్నదో యెరుగనని చెప్పు డ్రైవరు మాటకు కోర్టులో నవ్వువారుండరు.

గంజాయి మనకు క్రొత్తది కాదు. ఇంగ్లీషువారు దానిపై 1893లో విచారణసంఘము వేసి, నిషేధింపక, దుకాణములకు లైసెన్సులిచ్చి ఖజానా నింపుకొనిరి. నేడు 1922లో అడవిశాసనములపై తిరుగబడిన ఆ మన్యముననే, పై యూళ్ళ వ్యాపారులు మదుపు పెట్టి, కొండవానిచేత మొక్క నాటింతురు. 2021లో మన పోలీసులు అచట వేలకొలది యెకరముల పైరు నరికివేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండులక్షల కిలోల సరుకును కుప్పవేసి కాల్చిరి. ఆ మంట చిత్రమును పత్రికలన్నియు వేసినవి. మదుపు పెట్టిన షావుకారు చిత్రమును వేసిన పత్రికను మేము చూడలేదు. చెరసాలలో దొరకునది పైరు కోసినవాడును, మూట మోసినవాడును.

ఈ తీరు చిత్రము మనవారును తీసియున్నారు. 2013లో వచ్చిన హిందీ చిత్రము 'గో గోవా గాన్' దర్శకులు రాజ్, డీకేలు ఇరువురును తిరుపతి ఇంజనీరింగు కళాశాలలో చదివిన మన యాంధ్రులే. ఇద్దరు దమ్ముగాండ్రు, వారిని నమ్మి చెడిన యొక బుద్ధిమంతుడు గోవాకు పోవుట, క్రొత్త మత్తుమందు తిన్నవారెల్లరు నడచు శవములగుట కథ. నేర్పుగా తీసినారు, మేమును నవ్వితిమి. శవములను నిలువరించునది తుదకు కొకైను పొడియేయని కల్పించుటలో చమత్కారమున్నది. కాని సరుకెక్కడిదను ప్రశ్న ఆ ద్వీపములోను ఎవ్వరికిని రాలేదు.

ఆ నేర్పుగల మనవారిని మేమడుగునది నీతిబోధ కాదు. వ్యాను నుండనిండు, ఇద్దరు మిత్రులుండనిండు, వారికి తెలియకయే యుండనిండు, పోలీసులును తుమ్ముచు దగ్గుచు వెంటబడనిండు. పాడేరు ఘాటు దిగునప్పుడు వెనుకసీటులో మూట పట్టుకొని కూర్చున్న మూడవవానిని గూడ ఎక్కించుకొనుడు. వాడును పరిహాసమాడగలడు, వాని పరిహాసములు మన కింకను వినవచ్చుట లేదు.