ఏమీ చేయలేని మంచి దయ్యాలు

క్రిస్మస్ దయ్యాలనగానే డికెన్స్ రాసిన స్క్రూజ్ గుర్తొస్తాడు. 1843 నాటి ఆ నవలికలో దయ్యాలు పిసినారిని వెంటబెట్టుకు తిప్పి, అతని గతాన్నీ చావునూ చూపించి, తెల్లారేసరికి మనిషినే మార్చేస్తాయి. 1946లో వచ్చిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో దేవదూత క్లారెన్స్‌దీ ఇంచుమించు అదే పని. ఈ రెండింటి పక్కన 1940 నాటి 'బియాండ్ టుమారో'ను ఎవరూ పెద్దగా తలుచుకోరు. కానీ మేలు చేయడమనే పని ఎంత కష్టమో వాటికన్నా నిక్కచ్చిగా చెప్పింది ఈ సినిమాయే. ఇందులో దయ్యాలకు మంచి మనసుంది, చేతిలో బలమే లేదు.

పిలిచిన అతిథులు రాని క్రిస్మస్ ముందురోజు రాత్రి, న్యూయార్క్‌లో ఒకే ఇంట్లో ఉంటున్న ముగ్గురు ముసలి ఇంజనీర్లు పందెం కడతారు. పది డాలర్లూ విజిటింగ్ కార్డూ పెట్టిన మూడు పర్సులు వీధిలోకి విసురుతారు. టెక్సస్ కుర్రాడు జేమ్స్ ఒకటి, జీన్ అనే అమ్మాయి ఒకటి తెచ్చిస్తారు. మూడోది దొరికిన గాయని ఆర్లీన్ డబ్బు ఉంచుకుంటుంది. ధనవంతులు దారిన పోయేవాళ్ల నిజాయితీకి పరీక్ష పెట్టడం అవమానమే కదా అనొచ్చు, నిజమే. కాకపోతే పరీక్షలో తప్పింది పేదవాళ్లు కాదు, పేరున్న మనిషి. ఆ పైన విమాన ప్రమాదంలో ముగ్గురూ పోతారు. వాళ్లలో ఒకడైన మైకేల్ తన బాండ్లను ప్రేమలో పడ్డ జేమ్స్, జీన్‌లకు రాసిపోయాడన్న కబురు పత్రికలకెక్కి, జేమ్స్‌కు రేడియోలో పాడే అవకాశం వస్తుంది. అక్కడే ఆర్లీన్ తగులుతుంది, జీన్ వెనక్కిపోతుంది. బతికుండగా చేసిన మేలే అలా వంకర తిరుగుతుంటే, చచ్చి దయ్యాలైన ఆ ముగ్గురూ పక్కనే నిలబడి చూస్తుంటారు, అంతే.

ఆఖర్న ఆర్లీన్ మాజీ భర్త తుపాకి పేల్చాక, ఆపరేషన్ బల్ల మీద చనిపోయిన జేమ్స్ తిరిగి బతుకుతాడు కదా, మరి దయ్యాలకు బలం లేదంటే ఎలా అని అడగొచ్చు. బతికించింది మైకేల్ కాదు. పైనుంచి వచ్చిన పిలుపును కాదని, మళ్లీ పిలుపు రాదని తెలిసీ ఉండిపోయి, అతను చేసిందల్లా వేడుకోవడమే. స్క్రూజ్ దయ్యాలు పోగొట్టుకున్నదేమీ లేదు, మైకేల్ మాత్రం తన స్వర్గాన్నే ఒడ్డాడు. ముగ్గురిలో మరొకడు, చీకట్లోకి వెళ్లిపోయిన జార్జ్ మెల్టన్‌ను కూడా అదే ఊపులో వెనక్కి తెచ్చేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు. హ్యారీ క్యారీ అంత మొండిగా పోషించిన పాత్రకు ఆ క్షమాభిక్ష అతకలేదు.