ఎండ చావులను లెక్కలోకి రానివ్వండి

తెలంగాణ విపత్తు నిర్వహణ శాఖ అధికారులకు,



వాతావరణ మార్పు సంక్షోభం దాకా వచ్చిందా లేదా అని సదస్సుల్లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మన రాష్ట్రం మాత్రం 2025 ఏప్రిల్‌లోనే తేల్చేసింది. వడగాడ్పులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికిచ్చే సాయాన్ని రూ.50 వేల నుంచి రూ.4 లక్షలకు పెంచింది. అప్పటి కేంద్ర విపత్తుల జాబితాలో చలిగాలులకు చోటుండేది, వడగాడ్పులకు ఉండేది కాదు. విపత్తు నిధిలో 10 శాతం దాకా తాము ప్రకటించిన విపత్తులకు ఖర్చుచేసుకునే వెసులుబాటు రాష్ట్రాలకుంది; దాన్ని వాడుకుని చేశారు. మంచి పని.

చిక్కల్లా ఆ తర్వాతే. రూ.4 లక్షలు రావాలంటే ఆ చావు ఎండవల్లేనని కాగితం మీద రుజువు కావాలి. నడిరోడ్డు మీద కుప్పకూలినవాళ్ల సంగతి సరే. కానీ ఎండ అన్నిసార్లూ అలా కనబడేలా చంపదు; ఒంట్లో నీరు తగ్గితే గుండెకు పని పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పొద్దంతా ఇటుక బట్టీలో పనిచేసి, రాత్రికీ వేడి దిగని రేకుల ఇంట్లో పడుకున్న మనిషి తెల్లారి లేవకపోతే ‘గుండెపోటు’ అని రాసుకుంటారు. ఆ ఇంటికి సాయం రాదు. మీ లెక్కలో ఆ మనిషి ఉండడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగలడం తాతల నాటి నుంచీ ఉన్నదేగా అనేవాళ్లు మీ శాఖలోనూ ఉండొచ్చు. తాతలు పూరిళ్లలో, పెంకుటిళ్లలో పడుకున్నారు, రేకుల కింద కాదు. పైగా భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే ఒకటిన్నర డిగ్రీ పైబడిన మొదటి ఏడాది 2024. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు 2 వేల మంది పోయారు. అదీ కాగితాలకెక్కిన లెక్కే.

అసలు లెక్క తీయడం చేతకాని పనేం కాదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో నమోదైన మొత్తం మరణాలను 2009, 2011 మే నెలలతో పోల్చి చూసి, 1,344 మంది ఎక్కువగా చనిపోయారని పరిశోధకులు తేల్చారు. 2013లో ఆ నగరం ఎండలను ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. జనన మరణాల రిజిస్టర్లు మన పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లోనూ ఉన్నాయి. కొత్తగా కావలసిన యంత్రమేమీ లేదు.

కాబట్టి మూడు కోరికలు. ఎండలు ముదిరిన వారాల్లో నమోదైన మొత్తం మరణాలను మండలాలవారీగా, పాత ఏళ్లతో పోల్చి ప్రచురించండి. ఎండలో పనిచేసి వచ్చి ఒకటి రెండు రోజుల్లో గుండె, కిడ్నీ సమస్యలతో పోయినవారిని కూడా విచారణకు తీసుకోండి. పోస్టుమార్టం జరగలేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిప్పి పంపొద్దని తహసీల్దార్లకు రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే మార్చిలోపే చెప్పండి.

ఇట్లు,
ఒక తెలంగాణ పౌరుడు